ఏ కొండదో ఆ చెప్పుపువ్వు

మా సందు మొదట్లో నా టీ బల్ల. దానికి ఎదురుగా మియెన్ పొయ్యి. ఏళ్ల తరబడి ఒకరికొకరం ఎదురుగా కూర్చుని బతుకుతున్నా, ఆమె మొహం నేను సరిగ్గా చూసింది తక్కువ. ఎప్పుడూ ఆవిరి వెనకే ఉంటుంది. మరిగే కుండ మూతికి గుడ్డ బిగించి, దానిమీద బియ్యప్పిండి జావను పల్చగా పరుస్తుంది. ఉడికిన రేకును వెదురుబద్దతో ఎత్తి, లోపల పందిమాంసం కైమా, పుట్టగొడుగులు పెట్టి చుట్టి, కత్తెరతో ముక్కలు చేసి పళ్లెంలో వేస్తుంది. హనోయి అంతా ఆ చుట్టల్ని చేపల రసంలో ముంచుకు తింటే, మియెన్ మాత్రం గిన్నెడు ఎముకల చారు చేతికిస్తుంది. వాళ్ల కావ్ బాంగ్ కొండల్లో అలాగే తింటారట. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అని మొదట ఎగతాళి చేసింది నేనే. ఇప్పుడా చారు కడుపులో పడనిదే నాకు పొద్దు పొడవదు.

మనిషి మాటకారి కాదు. తాయ్ అనే కొండజాతి పిల్ల, లారీ డ్రైవరుని కట్టుకుని కొండ దిగి వచ్చింది. ఆ డ్రైవరు పోయాడు, పిల్లలు లేరు, పొయ్యి మిగిలింది. ఎవరేమన్నా ఆమె నోట వచ్చే మాట ఒక్కటే, "అలాగే". చారులో ఉప్పు ఎక్కువైందంటే అలాగే. తక్కువైందంటే అలాగే. వార్డు వాళ్లొచ్చి పొయ్యి లోపలికి జరపమంటే అలాగే, వాళ్లటు వెళ్లగానే గిరాకీవాళ్లు బయటికి జరపమంటే అలాగే. ఈ మనిషి నోట్లోంచి "కాదు" అన్న మాట వినకుండానే పోతానేమోనని నాకు ఒళ్లు మండేది.

అలాంటి మనిషి ఒకరోజు కత్తెర పళ్లెంలో పెట్టేసి, నా బల్ల దగ్గరికొచ్చి ముక్కాలిపీట మీద కూర్చుంది.

"కొండ తీసేస్తున్నారక్కా" అంది.

"ఏ కొండ?"

"మా ఇంటి వెనకది. తమ్ముడు ఫోన్ చేశాడు. సిమెంటుకంట. రోజూ మధ్యాహ్నం పేలుస్తున్నారంట, కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయంట."

"కొండని తియ్యడమేంటే? అదేమన్నా పెళ్లి పందిరా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ కొండ పగుళ్లలో ఒక పువ్వు పూసేదని చెప్పడం మొదలుపెట్టింది. చెప్పు ఆకారంలో ఉంటుందట, ముందు భాగం బొడిపెలా. పసుప్పచ్చగా ఉంటుందట. ఆమె, ఆమె చెల్లెలు ఆ పూలు కోసి చిటికెనవేళ్లకీ ఉంగరపు వేళ్లకీ తొడుక్కుని, రాతిమీద వేళ్లని నడిపించుకుంటూ పందేలు ఆడేవాళ్లట. ఆ చెల్లెలు చిన్నప్పుడే జ్వరమొచ్చి పోయింది. చెల్లెలి సంగతి నాకు అంతకుముందు తెలియదు. నేనెప్పుడూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

"ఆ పువ్వు ఇంకోసారి చూస్తే బాగుండు" అని లేచి వెళ్లిపోయింది.

చెప్పుపువ్వంటే మా హనోయిలో తెలియనివాళ్లు లేరు. ఇక్కడ మగవాళ్లకి జూదం తర్వాత అంత పిచ్చి ఉన్నది ఆర్కిడ్ల మీదే. కాకపోతే వాళ్లకి కావలసింది ఖరీదైన చెప్పుపువ్వు. మియెన్‌కి కావలసింది ఒక కొండది.

చలి తగ్గిన కొత్తలో ఇద్దరం బువోయి సంతకి వెళ్లాం. నాకు టీ ఆకు కావాలి, ఆమెకి కుండమీది గుడ్డ కావాలి. మొక్కలవాళ్ల వరసలో ఒక కొండమనిషి గోనె పరుచుకుని కూర్చుంది. గోనెమీద అడవి మొక్కలు గుట్టగా, కూరగాయల్లా తూకానికి అమ్ముతోంది. మియెన్ ఆ గుట్ట ముందు ఆగిపోయింది. ఒక చిన్న దుబ్బు తీసింది. సన్నటి ఆకులు, మూడు మొలకలు, వేళ్లని పట్టుకుని తెల్లటి రాయి పెచ్చు. ఆ పెచ్చుని బొటనవేలితో రుద్దింది.

తర్వాత ఇద్దరూ వాళ్ల భాషలో మాట్లాడుకున్నారు. నాకు ముక్క అర్థం కాలేదు కానీ, మియెన్ అంత గబగబా మాట్లాడగలదని అప్పుడే తెలిసింది.

"ఏమంటోంది?" అన్నాను.

"మా జిల్లాదే అంటోంది."

"ఏ కొండట?"

"తెలీదంట. రాళ్లు పేల్చాక కిందపడ్డవి ఏరుకుంటారంట. ఏ కొండ రాయి ఎక్కడ పడిందో ఎవరు చూస్తారంటోంది."

నేను ఆ అమ్మే ఆవిడని వియత్నాం భాషలోనే అడిగాను, పువ్వు ఏ రంగని.

"పసుపమ్మా, పసుపు" అంది. మా మొహాలు చూసి, "ఎరుపు కావాలంటే ఎరుపు" అని కూడా అంది.

నేను మియెన్ చెయ్యి పట్టుకుని లాగాను. రాలేదు. బేరమాడకుండా కొనేసింది. దారి పొడుగునా ఆ దుబ్బుని తడిగుడ్డలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గుడ్డ కొనడం మర్చిపోయాం.

మా సందులో ఆర్కిడ్ల విషయమంటే థుయెత్ అన్న దగ్గరికి వెళ్లాల్సిందే. ప్రెస్సులో అచ్చులు కూర్చి రిటైరైన మనిషి. రెండో అంతస్తులో ఆయన బాల్కనీ చూస్తే, మొక్కల మధ్య మనిషి ఉన్నాడో మనిషి మధ్య మొక్కలున్నాయో తెలియదు. ఆయన కళ్లజోడు తుడుచుకుని మియెన్ మొక్కని తిప్పి తిప్పి చూశాడు. ఆకు అంచుని వెలుతురుకి పెట్టి చూశాడు. ఆకు అడుగున మొదలు దగ్గర చుక్కలున్నాయేమో వెతికాడు.

"చెల్లెమ్మా, అబద్ధం చెప్పను. ఇది చెప్పుపువ్వే. కానీ ఇదే ఆకు నాలుగు రకాలకుంటుంది. ఒకటి పసుపు. ఒకటి ఎర్రటి పెదవిది. ఒకటి ఇటుకరంగు. ఇంకోటి మచ్చలది. అన్నీ మీ కొండల్లోవే. పూస్తేగానీ బ్రహ్మకి కూడా తెలీదు."

"ఎప్పుడు పూస్తుందన్నా?"

"బతికితే శరదృతువులో."

ఆయన ఊరుకోలేదు. ఫోటో తీసి ఫోన్లో ఆర్కిడ్ల గుంపులో పెట్టాడు. తలా ఒక మాట. ఒకడు ఖాయంగా పసుపన్నాడు, ఒకడు ఎరుపని పందెం కాశాడు, ఒకడు ఎంతకిస్తారని అడిగాడు. ఇంకొకడు అది గడ్డి అన్నాడు. థుయెత్ అన్న ఆ గడ్డివాడితో సాయంత్రం దాకా పోట్లాడాడు.

అప్పుడే వైద్యం మొదలైంది. అడవినుంచి తెచ్చిన ఆర్కిడ్‌ని హనోయిలో ఎవరైనా చేసేది ఒకటే. కుళ్లిన వేళ్లు కత్తిరించి, సున్నపు తేట నీటిలో ముంచి, తలకిందులుగా నీడలో వేలాడదీస్తారు. కొత్త వేరు కొన పచ్చగా తొంగిచూసేదాకా దించరు. థుయెత్ అన్న తండ్రి అలాగే చేశాడు, ఆయనా అలాగే చేస్తున్నాడు, బాల్కనీలో అన్ని మొక్కలూ అలా బతికినవే. వేళ్లని పట్టుకున్న రాయి పెచ్చుని కూడా తీసేశాడు, అందులో పురుగుంటుందని. మియెన్ ఆ పెచ్చుని అడిగి తీసుకుని జేబులో వేసుకుంది.

"అన్నా, మా కొండమీద అది ఎప్పుడూ తడిగానే ఉండేది. పొద్దున మంచు కారుతుండేది" అంది, కొంచెం నసుగుతూ.

"అది కొండ. ఇది హనోయి. కాస్త దాహంతో అల్లాడితేనే మొక్క కొత్త వేరు తోస్తుంది. నన్ను నమ్ము."

"అలాగే" అంది మియెన్.

మెట్ల కింద చీకటి మూల మేకుకి ఆ మొక్కని తలకిందులుగా కట్టాడు. పోతూ వస్తూ అందరం దాన్ని చూసేవాళ్లం. కోడిని వేలాడగట్టినట్టుందని నేనంటే థుయెత్ అన్న కోపగించుకున్నాడు. ఆయనది ఉత్త కోపం కాదు, నిజంగా ఆ మొక్క మీద ప్రేమ పెట్టుకున్నాడు. రోజూ కళ్లజోడు పెట్టుకుని వేళ్ల కొనలు చూసేవాడు. ఆకులు మెల్లగా ముడుచుకుంటూ వచ్చాయి.

ఒకరోజు పొద్దున గిరాకీ అయిపోయాక ఆయన నా బల్ల దగ్గర కూర్చుని టీ ముట్టలేదు.

"దావ్, ఆ మొక్కని నేను చంపుతున్నాను" అన్నాడు.

ఊరవతల నర్సరీ పెట్టుకున్న పాత స్నేహితుణ్ని అడిగి వచ్చాడట. మిగతా ఆర్కిడ్లకి ఒంట్లో నీళ్లు దాచుకునే దుంప ఉంటుంది, చెప్పుపువ్వుకి ఉండదు. దాన్ని ఎండగట్టడమంటే చంటిపిల్లకి ఉపవాసం పెట్టడమే అన్నాడట ఆ స్నేహితుడు.

"ఇన్నేళ్లలో చెప్పుపువ్వు నా చేతికి రాకపోబట్టి నాకు తెలీలేదు. మియెన్‌కి చెప్పకు. ఇవాళే దించి కుండీలో పెడతాను. ఆమెకి తెలిస్తే ఏమనుకుంటుంది."

"ఏమనుకుంటుంది, అలాగే అంటుంది" అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు.

అదే రోజు మధ్యాహ్నం మియెన్ కుండ కడుక్కుంటూ నన్ను పిలిచింది.

"అక్కా, మొక్కని నేనే పాడుచేశాను."

రోజూ తెల్లవారుజామున, థుయెత్ అన్న లేవకముందే, ఆ మొక్కని మేకునుంచి దించి తన కుండ ఆవిరి మీద కాసేపు పట్టి మళ్లీ కట్టేసేదట. మంచు లేక అల్లాడుతోందని. ఇక్కడ మంచు ఎక్కడ తేగలదు, ఆమె దగ్గర ఉన్నది ఆవిరే. ఇప్పుడు నడిమొలక మెత్తబడి, ముట్టుకుంటే నీరు కారుతోంది.

"అన్నకి చెప్పొద్దక్కా. ఆయన అంత శ్రద్ధగా చేస్తున్నాడు. నేను ఆయన మాట వినలేదని తెలిస్తే బాధపడతాడు."

ఒకరు ఎండబెట్టారు, ఒకరు ఉడకబెట్టారు. ఇద్దరూ ప్రాణం పోద్దామనే చేశారు. ఎవరి పాలు ఎంతో తూచడానికి నా దగ్గర ఉన్న తక్కెడ వేరుశనగలు తూచేది. ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగు తిడదామనుకున్నాను. ఏమని తిట్టను? నోరు మూసుకుని ఇద్దరికీ చెరో గ్లాసు టీ పోశాను.

రెండు మొలకలు పోయాయి. మూడోది మిగిలింది. చెక్కపెచ్చులు, బొగ్గు ముక్కలు, సున్నపురాళ్లు కలిపి కుండీలో పెట్టాడు థుయెత్ అన్న. ఈసారి మియెన్‌ని అడిగి అడిగి పెట్టాడు, తడి ఎంతుండాలి, ఎండ ఏ వైపు పడేదని. ఆమె తనకి గుర్తున్నది చెప్పింది, గుర్తులేని చోట తలవంచుకుంది. ఆ వేసవి మా సందులో తారు కరిగి చెప్పులకంటుకుంది. వాళ్లిద్దరూ వంతులేసుకుని కుండీ చుట్టూ తడిగోనె కట్టారు, నీడ జరిగినకొద్దీ కుండీని జరిపారు. నేను కూడా నా టీలోకి తెచ్చిన ఐసుముక్కలు పట్టుకెళ్లి గోనెమీద పెట్టేదాన్ని, గిరాకీవాళ్లు టీ గోరువెచ్చగా ఉందని సణిగినా సరే. ఆ మొక్క చావలేదు. ఎదగనూ లేదు.

శరదృతువు వచ్చింది. కూరలమ్మే సైకిళ్లమీద కొత్త వడ్ల అటుకులు, తామరాకుల్లో చుట్టి, వస్తున్నాయి. ఒక పొద్దున మియెన్ పొయ్యి వదిలేసి సందులో కుండీ దగ్గరికి పరిగెత్తింది, రేకు గుడ్డమీదే ముద్దైపోతున్నా చూసుకోలేదు. ఆకుల మధ్యనుంచి గింజంత మొగ్గ తల ఎత్తింది. నేను చప్పట్లు కొట్టాను. మియెన్ మొహం ఆవిరి లేకుండా నాకు బాగా కనబడింది ఆ రోజే. ఆమె చిన్నప్పుడు అందంగా ఉండి ఉంటుంది.

థుయెత్ అన్న మాత్రం కుండీ చూసి మెట్లమీద కూలబడ్డాడు.

"ఏంటన్నా, మొగ్గేస్తే ఏడుస్తారా ఎవరైనా?" అన్నాను.

"దావ్, నీకు తెలీదు. ఈ జాతిలో ఒక మొలక ఒక్కసారే పూస్తుంది. పూశాక పోతుంది. పక్కన పిల్లమొలక పెడితే దాని వంశం నిలబడుతుంది. దీనికి పిల్ల లేదు. ఇంత నీరసంగా ఉన్నది పూసిందంటే, ఉన్న జవమంతా ఆ పువ్వుకే పెట్టి చచ్చిపోతుంది."

"మరి ఏం చెయ్యాలి?" మియెన్ అడిగింది.

ఆయన ఆమె వైపు చూడకుండా చెప్పాడు. "మొగ్గ తుంచేస్తే, పిల్ల పెడుతుందేమో. పెడుతుందని చెప్పలేను చెల్లెమ్మా. ఈ మొక్క విషయంలో నేనింక ఏదీ ఖాయంగా చెప్పను."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పూయనిస్తే రంగు తెలుస్తుంది, మొక్క పోతుంది. తుంచితే మొక్క ఉండొచ్చు, ఆ కొండదో కాదో తెలియదు. సందులో ఎవరికి వారు తీర్పులు చెప్పారు. నేను పూయనిమ్మన్నాను.

"ఇన్నాళ్లు ఎదురుచూసింది ఎందుకే? కళ్లారా చూసుకో. మీ చెల్లెలి పువ్వే అయితే అదే చాలు. చచ్చేది ఎలాగూ చస్తుంది."

"అలాగే అక్కా."

థుయెత్ అన్న పూట పూటకీ మాట మార్చేవాడు. పొద్దున తుంచమనేవాడు, మధ్యాహ్నం ఆగమనేవాడు. ఆయనక్కూడా అలాగే అనేది. మొగ్గ బియ్యపు గింజనుంచి వేరుశనగ పలుకంత అయింది.

ఒక మధ్యాహ్నం పొయ్యి ఆర్పాక మియెన్ తన కత్తెరని మరిగే నీళ్లలో ముంచి తుడిచి, కుండీ దగ్గరికి వచ్చింది. థుయెత్ అన్న కంగారుపడ్డాడు.

"ఇంకో నాలుగు రోజులు చూద్దామా చెల్లెమ్మా? మొగ్గ కొంచెం విచ్చితే, రంగైనా కనబడుతుందేమో."

"కాదన్నా. ఇప్పుడే" అంది మియెన్.

ఆ మాట విని నేను సంతోషించాలి. సంతోషం రాలేదు. కత్తెర ఒక్కసారి కదిలింది. రేకుల చుట్టల్ని కోసేటప్పుడు ఎంత చప్పుడవుతుందో అంతే అయింది.

థుయెత్ అన్న ఆ మొగ్గని అరచేతిలోకి తీసుకున్నాడు. ఉండబట్టలేక లోపలికి వెళ్లి బ్లేడు తెచ్చి, దాన్ని రెండుగా చీల్చి కళ్లజోడు దగ్గర పెట్టుకున్నాడు. మేమిద్దరం ఆయన మొహమే చూస్తున్నాం.

"ఆకుపచ్చగా ఉంది. ఈ వయసులో అన్ని మొగ్గలూ ఆకుపచ్చగానే ఉంటాయి" అన్నాడు.

పిల్లమొలక రాలేదు. చలికాలం ముదిరాక హనోయిలో గోడలు కూడా చెమ్మ కక్కుతాయి, సన్నటి జల్లు రోజులకొద్దీ వదలదు. ఆ చెమ్మలో నడిమి ఆకు పసుపుపచ్చగా మారింది. మియెన్ దాన్ని ముట్టుకుంటే చేతికి ఊడివచ్చింది. ఆమె దాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది, తర్వాత గిరాకీవాడు పిలిస్తే వెళ్లింది. మొక్క పోయినా కుండీని మాత్రం పారెయ్యలేదు. ఆ రాయి పెచ్చుని అందులో పెట్టి పొయ్యి పక్కన ఉంచుకుంది.

కొత్త సంవత్సరపు టెట్ పండగ ముందు, సందులో పూసిన పీచ్ చెట్టు కొమ్మలు, నారింజ మొక్కలు మోటారుసైకిళ్లమీద ఊరేగుతున్న రోజుల్లో, థుయెత్ అన్న చేతిలో కుండీతో వచ్చాడు. నర్సరీ స్నేహితుణ్ని బతిమాలి తెచ్చాడట. చెప్పుపువ్వు, విరబూసి ఉంది. కోడిపిల్ల రంగు పసుపు. సందేహానికి చోటు లేని పసుపు. ఈ జాతి కాలంగాని కాలంలో పూసిందంటే అది నర్సరీవాళ్ల పనితనం.

"ఇదేనా చెల్లెమ్మా?" అని కుండీని ఆమె ముందు పెట్టాడు.

మియెన్ చేతులు తుడుచుకుని పువ్వుకేసి చూసింది. "ఇదే అన్నా. మా కొండది అచ్చం ఇదే."

ఆ ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. నా బల్ల దగ్గర కూర్చుని టీ మొత్తం తాగాడు, నువ్వుల ఉండ కూడా తిన్నాడు. చాలా రోజులకి ఆయన తినడం చూశాను. ఆయన మెట్లెక్కి వెళ్లేదాకా ఆగి, నేను మియెన్ దగ్గరికి వెళ్లాను.

"నిజంగా ఇదేనా?"

ఆమె పువ్వు బొడిపెలోకి చిటికెనవేలు పెట్టబోయింది. ఆవిరికి ఉబ్బిన వేలు అది, దూరలేదు.

"తెలీదక్కా. పసుపని మా చెల్లే అనేది. నాకు రంగు గుర్తులేదు. రాతిమీద వేళ్లు నడిపించడమే గుర్తు."

ఇంతకాలం, ఆకు వెలుతురుకి పెట్టి, ఫోటోలు పంపి, మొగ్గ చీల్చి మేమంతా వెతికింది ఈ మనిషికే తెలియని రంగునా?

"మరి ఆ మొక్క పూసి ఉంటే ఎలా పోల్చుకునేదానివే?"

"ఏ రంగు పూసినా మా కొండదే అనుకుందామనుకున్నా."

"అనుకున్నదానివి, మరి మొగ్గెందుకు కోశావు?"

మియెన్ కుండమీది గుడ్డ సరిచేసి, గరిటెతో జావ పరిచి, మూత పెట్టింది. ఆవిరి మళ్లీ మా మధ్యకి వచ్చింది.

"బతుకుతుందేమోనని" అంది.